లోరు అనే మాట మా ఊళ్ళో ఎలా పుట్టింది

గత నెలలో, నాలుగో నెల నిండిన పాపను ఎత్తుకుని తాడేపల్లి నుంచి మా ఊరు వెళ్ళాను. నాయనమ్మ కాలుజారి పడి మంచం పట్టిందని అమ్మ ఫోన్ చేసింది. చీరాలలో బస్సు మారి ఊరి మొదట్లో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. నాన్న బండి మీద వచ్చేదాకా టీకొట్టు బల్ల మీద కూర్చుని, పాప మొహం మీద పైట కప్పి, రెండు నిమిషాలకోసారి పైట తీసి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటున్నాను. నా పక్కనే ఇద్దరు పెద్దవాళ్ళు టీ తాగుతున్నారు. "చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కుతున్నయ్యి. రెండు రోజుల్లో వాన పడుద్ది, కల్లంలో కాయ మీద పట్టా కప్పుకో" అన్నాడు ఒకాయన. రెండో ఆయన గ్లాసు కింద పెట్టకుండానే, "ఆపెహె నీ లోరు. టీవీలో చెప్పాడా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అది నవ్వాల్సిన మాట కాదు, రోజూ వాడుకునే మామూలు మాట. రుజువు లేని ధీమా, కాలం చెల్లిన సలహా, పొద్దుపోని ముసలి కబురు, ఇవన్నీ కలిపితే మా ఊళ్ళో లోరు. "నీ లోరు ఆపు" అంటారు. "పొద్దున్నుంచీ ఒకటే లోరు" అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా వింటే ఇది ఈ ప్రాంతపు పాతమాట, నిఘంటువుల్లోకి ఎక్కకుండా మిగిలిపోయిన పల్లెమాట అనుకుంటారు. ఆ మాటకు పట్టుమని పదేళ్ళు కూడా లేవు. అది ఏ ఇంటి అరుగు మీద పుట్టిందో, ఎవరి నోట్లోంచి వచ్చిందో నాకు తెలుసు. పాపను గుండెకు ఇంకాస్త దగ్గరగా అదుముకుని తల దించుకున్నాను. ఆ ఇద్దరిలో ఎవరైనా నన్ను గుర్తుపడతారేమోనని భయం వేసింది.

మా నాయనమ్మ పేరు వెంకాయమ్మ. అద్దంకి వైపు పల్లె నుంచి పదమూడేళ్ళప్పుడు ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒక గుడ్డలో గుప్పెడు మిరప విత్తనం కట్టి ఇచ్చిందట. ఆ విత్తనమే ఏడాదికేడాది మా చేలో మొలుస్తూ వచ్చింది. దానికి పేరంటూ లేదు, మా ఇంట్లో "మన కాయ" అనేవాళ్ళం. సన్నంగా, కొసన కాస్త వంపు తిరిగి, ఎండితే నల్లెరుపు తిరిగేది. సంక్రాంతి దాటాక మొదలై ఎండలు ముదిరేదాకా మా ఇల్లంతా ఆ కాయ ఘాటే. అన్నం తింటూ తుమ్మేవాళ్ళం, చదువుకుంటూ తుమ్మేవాళ్ళం, ఇంటికి వచ్చిన చుట్టాలు కుశల ప్రశ్నలు మధ్యలో ఆపి తుమ్మేవాళ్ళు. ఇంటిల్లిపాదీ ముక్కులు చీదుకుంటుంటే నాయనమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని తీరిగ్గా నశ్యం పీల్చేది. ఆమెకు తుమ్ము వచ్చేది కాదు. "ఆ ముక్కు ఎప్పుడో కాలిపోయింది, అందులో ఏం పోసినా ఒకటే" అని అమ్మ విసుక్కునేది. "కాలిపోతే వంకాయ పులుసులో ఉప్పు తక్కువైందని వాసన చూసి చెప్తన్నానా?" అనేది నాయనమ్మ. నిజంగానే వాసన చూసి చెప్పేది. నాకిప్పటికీ అది ఎలాగో తెలియదు.

విత్తనపు కాయ ఏరే రోజు మా ఇంట్లో వేరుగా ఉండేది. మొదటి కోత అయిపోయి, రెండో కోత మొదలయ్యే ముందు, నాయనమ్మ తెల్లవారకముందే స్నానం చేసి చేలోకి వెళ్ళేది. వెంట దీనమ్మ ఒక్కతే వెళ్ళేది. దీనమ్మ మా చేలో మిరపకోతకు వచ్చే ఆడకూలీల ముఠాకు పెద్ద. ఆదివారం తెల్లచీర కట్టి చర్చికి, మిగతా ఆరు రోజులు చేలకు వెళ్ళే మనిషి. వాళ్ళిద్దరూ చేను మధ్యలోకి నడిచి, చెట్టు చెట్టు దగ్గరా ఆగి, వంగి చూసి, ఒక చెట్టుకు నాలుగు కాయలు, ఇంకో చెట్టుకు రెండు, చాలా చెట్లకు అసలేమీ తీసుకోకుండా ముందుకు పోయేవాళ్ళు. అంతసేపూ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవాళ్ళు కాదు. అది నియమం. చిన్నప్పుడొకసారి నేను వెంటపడి వెళ్ళి "నాయనమ్మా, ఆకలి" అని అరిస్తే, ఆమె చేతిలో కాయ కింద పడేసి, నా చేయి పట్టుకుని గట్టు దాకా నడిపించి కూర్చోబెట్టి, మళ్ళీ మాట్లాడకుండానే వెనక్కి వెళ్ళింది. ఏరిన కాయను నీడన ఎండబెట్టి, తొడిమ తీయకుండా, బూడిద, వేపాకు వేసిన కుండలో పెట్టి, మూత చుట్టూ పేడ అలికి, వంటింటి ఉట్టి మీద ఉంచేది. ఆషాఢంలో నారుమడి పోసే రోజుదాకా ఆ కుండను ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు.

గుంటూరులో నేను బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు ఇంగ్లీషు మేడమ్ మాకు ఫోక్‌లోర్ గురించి పాఠం చెప్పింది. సెలవుల్లో ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళి, పెద్దవాళ్ళ దగ్గర విన్న కథలు, సామెతలు, వైద్యాలు, సేద్యపు అలవాట్లు రాసుకొచ్చి రికార్డు తయారుచేయమంది. నేను పొడుగు నోట్‌బుక్కు ఒకటి కొని, అట్ట వేసి, ఊరు చేరాను. నా జీవితంలో మొదటిసారి నాయనమ్మను ఏదో అడగబోతున్నాను. అప్పటిదాకా ఆమె చెప్తుంటే వినకుండా తప్పించుకు తిరగడమే నాకు అలవాటు.

"నేను చెప్పేది పుస్తకంలో రాస్తావా?" అని మూడుసార్లు అడిగింది. అవునన్నాను. "ఉండు మరి" అని లేచి వెళ్ళింది. అరగంట దాకా రాలేదు. స్నానం చేసి, పెట్టెలోంచి గంజి పెట్టిన నేతచీర తీసి కట్టుకుని, బొట్టు పెట్టుకుని వచ్చి కూర్చుంది. "ఇదేంటి నాయనమ్మా, పెళ్ళికా?" అన్నాను. "పుస్తకంలోకెక్కే మాటలు గదంటే. పాచి మొహంతో చెప్తామా?" అంది. మూడు రోజులు చెప్పింది. మూడు రోజులూ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకునే చెప్పింది. గట్టు పక్క చెట్టు కాయ విత్తనానికి పనికిరాదని, తొలి కాయ తొందరపాటుది, చివరి కాయ నీరసంది అని, కాయ ఎండిందో లేదో చెవి దగ్గర ఆడించి వినాలని, మిరప మంటకు కోతకు ముందే చేతులకు ఆముదం రాసుకోవాలని, విత్తనపు కాయ ఏరేటప్పుడు నోరు విప్పకూడదని. దీనమ్మ కల్లం నుంచి వస్తూ పోతూ ఆగి, నాయనమ్మ మర్చిపోయినవి అందించేది. "నా పేరు కూడా రాసుకోమ్మా, రెండు నేను చెప్పినయ్యే" అంది నవ్వుతూ. రాస్తానన్నాను. రాయలేదు.

రాత్రి కూర్చుని వాటిని రెండు వరుసలుగా విడగొట్టాను. ఎడమ పక్క నిజాలు, కుడి పక్క నమ్మకాలు. నా పాత సైన్సు పుస్తకాల్లోనో, వ్యవసాయ శాఖ వాళ్ళు పంచిన కాగితాల్లోనో దొరికినవి మాత్రమే నిజాల్లో వేశాను. అవి అయిదో ఆరో ఉన్నాయి. మిగిలినవన్నీ కుడి పక్కకే పోయాయి. మూడో రోజు నాయనమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుని, చదవడం రాదు గనక, వేలితో వరుసలు తడిమి చూసుకుంది. "ఈ పక్కన ఎక్కువున్నయ్యే. ఇయ్యి మంచియ్యా?" అని అడిగింది. నేను "ఆఁ" అన్నాను. అప్పుడు ఆమె మొహం ఎలా వెలిగిందో నేను ఇక్కడ రాయలేను. అబద్ధం చెప్పానన్న స్పృహ కూడా ఆ రోజు నాకు లేదు. పని తొందరగా అయిపోయిందన్న సంబరమే ఉంది.

సెలవుల తర్వాత రికార్డు చూసి మేడమ్ మెచ్చుకుంది. రెండు వరుసలు ఎందుకు గీశానని మాత్రం అడిగింది. ఏదో చెప్పాను. ఆషాఢంలో ఊరు వెళ్ళినప్పుడు ఆ రికార్డు వెంట తీసుకెళ్ళాను, అందరికీ చూపించడానికి. ఆ రోజు మా అరుగు మీద నాన్న, పురుగుమందుల కొట్టాయన, వీధి చివర ఉండే కోటయ్య పెదనాన్న, ఇంకో నలుగురైదుగురు రైతులు కూర్చుని ఉన్నారు. నారుమడి పోయాలి. కొట్టాయన చేతిలో కొత్త విత్తనం ప్యాకెట్లు ఉన్నాయి. వాటి మీద ఎర్రటి కాయల బొమ్మ. నాయనమ్మ గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాన్న ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. మూడు ఎకరాలు, మా ఇంటికి ఏడాదంతా అదే ఆధారం.

"అమ్మ విత్తనం ఉంది గదా ఇంట్లో, ఇయ్యెందుకని..." అని నసిగాడు నాన్న.

"మీ అమ్మగారి రోజులు వేరు బావా. ఇప్పటి తెగుళ్ళకి ఆ కాయ ఆగుద్దా?" అన్నాడు కొట్టాయన.

"ఆగుద్ది. నిరుడు ఆగలా?" అంది నాయనమ్మ గుమ్మంలోంచి.

నాన్న అటూ ఇటూ చూసి, చివరికి నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు ఇదంతా చదువుకుంటన్నావు గదా. నాయనమ్మ చెప్పిందంతా రాసుకుని కాలేజీలో ఇచ్చావంట. ఏమంటారు మీ పంతుళ్ళు?"

అందరూ నా వైపు చూశారు. ఆ అరుగు మీద ఆడపిల్ల మాటను మగవాళ్ళు ఆగి వినడం నేనెప్పుడూ చూడలేదు. రికార్డు తెచ్చి, కుడి పక్క వరుస మీద వేలు పెట్టి, గొంతు సవరించుకుని చదివాను. విత్తనపు కాయ ఏరేటప్పుడు మాట్లాడకూడదట. అమావాస్య దాటాకే కుండ విప్పాలట. ఆ "అట"లు రికార్డులో లేవు, నేనే చేర్చాను. ఒక్కొక్కటీ చదువుతుంటే ఒక్కొక్కరూ నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఇంకా ఉత్సాహం వచ్చింది.

"వీటిని ఫోక్‌లోర్ అంటారు నాన్నా. అంటే చదువురానివాళ్ళు చెప్పుకునే కట్టుకథలు."

"ఏం లోరు?" అన్నాడు కోటయ్య పెదనాన్న.

"ఫోక్‌లోర్."

"ఓరి నీ! మా పిన్నమ్మ నోటికి ఇంగ్లీషులో పేరు కూడా పెట్టారంటయ్యా!" అని ఆయన తొడ చరిచి నవ్వాడు. "ఏం పిన్నమ్మా, ఇన్నాళ్ళూ మాకు లోరు పెట్టావా నువ్వు?"

అరుగంతా గొల్లుమంది. నాన్న కూడా నవ్వాడు, తల వంచుకుని. నేనూ నవ్వాను. నాయనమ్మ మాత్రం నన్నే చూస్తూ ఉంది. కాసేపటికి, "మరి ఈ పక్కయ్యి మంచియ్యన్నావే?" అంది. గట్టిగా కాదు, నాకు మాత్రం వినపడేట్టు. పుస్తకం మూసేశాను. నాన్న ప్యాకెట్లు తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున నాయనమ్మ ఉట్టి మీద కుండ దించింది. అమ్మ వద్దంటున్నా వినకుండా మూత చుట్టూ అలికిన పేడ గీకి, బూడిద దులిపి, కాయలన్నీ రోట్లో పోసి తనే దంచింది. యాభై ఏళ్ళ నాటి విత్తనం. రోకలి ఎత్తిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, దించినప్పుడు వదులుతూ, మధ్యాహ్నందాకా దంచింది. ఆ కారంతో గోంగూర పచ్చడి నూరి నా కంచంలో వేసింది. ఆ రంగు, ఆ ఘాటు, నెయ్యి కలిపిన వేడన్నంలో ఆ రుచి. "చాలా బాగుంది నాయనమ్మా, ఇంకొంచెం వెయ్యి" అన్నాను. వేసింది. నేను ఏం తింటున్నానో నాకు తెలుసు. తెలిసే తిన్నాను. మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

ప్యాకెట్ విత్తనం ఆ ఏడాది బాగానే కాసింది. ఆ తర్వాతి ఏడాదీ కాసింది. అందుకే నాకు సిగ్గు అంత ఆలస్యంగా వచ్చింది. చేను ఎండిపోయి ఉంటే ఆ సంక్రాంతికే ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చేదాన్ని, అంతటితో అయిపోయేది. చేను పచ్చగా ఉండటంతో నేను చేసిందేమిటో నాకు కనపడలేదు. ఊళ్ళో మాత్రం ఆ మాట పెరుగుతూనే ఉంది. మొదట నాయనమ్మను లోరమ్మ అన్నారు. "లోరమ్మగారూ, ఇవాళ ఎండా వానా?" అని దారిన పోయేవాళ్ళు అడిగేవాళ్ళు. తర్వాత ఆమె పేరు పక్కకు పోయి లోరు ఒక్కటే మిగిలింది. ఎవరి అమ్మయినా, ఎవరి తాతయినా ఏదన్నా చెప్పబోతే దానితోనే నోరు మూయించడం అలవాటైంది. నాయనమ్మ ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాకైతే అసలే చెప్పలేదు. పలకరించేది, తిన్నావా అనేది, నా పెళ్ళిలో అక్షింతలు వేసింది. ఏదైనా అడిగితే మాత్రం ఒకటే జవాబు. "నాకేం తెలుసమ్మా. చదువుకున్నదానివి, నువ్వే చెప్పాలి." ఎత్తిపొడుపు కూడా ఉండేది కాదు ఆ గొంతులో. అదే నాకు కష్టంగా ఉండేది.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆనవాయితీని కూడా నేనే కాదన్నాను. విజయవాడ ఆసుపత్రి దగ్గర ఉండాలన్నాను, ఊళ్ళో మిరప ఘాటన్నాను. అమ్మే తాడేపల్లి వచ్చి రెండు నెలలు ఉండి వెళ్ళింది. ఆమె వెళ్ళిన రోజు నుంచి నాకు భయం మొదలైంది. పాప ఏడిస్తే భయం, ఏడవకపోతే భయం. పాలు ఎన్నింటికి తాగింది, ఎంతసేపు పడుకుంది, ఎన్నిసార్లు ఏడ్చింది అని పుస్తకంలో గీతలు గీసి రాస్తున్నాను. సాయంత్రం అయిదు దాటితే పాప కాళ్ళు ముడుచుకుని, మొహం కందిపోయేలా రెండు గంటలు ఏడుస్తుంది. డాక్టరుగారు చూసి, జబ్బేమీ లేదు, కొన్నాళ్ళకు అదే తగ్గుతుందన్నారు. ఆ కొన్నాళ్ళు గడిచేదెలాగో ఏ పుస్తకంలోనూ లేదు. ఊరికి ఫోన్ చేసి, నాయనమ్మకు ఇవ్వమని, ఏం చేయాలని అడిగాను. "నాకేం తెలుసమ్మా" అంది. ఊరికి బయల్దేరే ముందొక రోజు పాపకు మందు చుక్కలు లెక్కపెడుతుంటే మా ఆయన పక్కగదిలోంచి ఏదో అడిగాడు. లెక్క తప్పింది. "మాట్లాడొద్దని చెప్పానా!" అని అరిచాను. అరిచాక చేతిలో సీసాతో అలాగే నిలబడిపోయాను. విత్తనపు కాయ ఏరేటప్పుడు ఎందుకు మాట్లాడకూడదో, మూడు రోజులు ఎదురుగా కూర్చుని కూడా, నేను ఒక్కసారైనా ఆమెను అడగలేదు. నా రికార్డులో ఎందుకు అనే వరుసే లేదు.

టీకొట్టు దగ్గర ఆ మాట విన్న రోజు మధ్యాహ్నం, ఇంట్లో పాత ట్రంకు పెట్టె తీసి నా కాలేజీ పుస్తకాలు వెతికాను. మేడమ్ ఏం చెప్పిందో చూసి, తప్పు ఆమెదేనని నాకు నేను చెప్పుకుందామనుకున్నానేమో. రికార్డు కింద క్లాసు నోట్సు దొరికింది. నా గుండ్రటి అక్షరాలే. ఎవరో ఒకాయన రెండు పాత ఇంగ్లీషు మాటలు అతికి ఈ మాట తయారుచేశాడని, ఫోక్ అంటే జనమని రాసుకున్నాను. దాని కింద ఇలా ఉంది: "లోర్ అంటే బోధన. ఒకరు నేర్పగా ఇంకొకరు నేర్చుకున్న జ్ఞానం. లెర్న్ అనే మాటకు దగ్గర చుట్టం. కట్టుకథ అనే అర్థం తర్వాత వచ్చి చేరింది, అదే అసలు అర్థం అనుకోకూడదు." 'అనుకోకూడదు' కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు. పరీక్షలో ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు రాయమని ప్రశ్న కూడా వచ్చింది. బాగా రాశాను, మంచి మార్కులు వచ్చాయి. అంటే అరుగు మీద నిలబడి ఆ మాట అన్న రోజుకే నాకు దాని అర్థం తెలుసు. మేడమ్ నేర్పింది, నేను రాసుకున్నాను, కానీ నలుగురు మగవాళ్ళు నా మాట కోసం ఆగినప్పుడు వాళ్ళకు ఏ అర్థం నచ్చుతుందో దాన్ని చెప్పాను.

నాయనమ్మ మంచం వసారాలో వేశారు. తుంటి ఎముక చిట్లిందని, కదలకూడదని డాక్టరు చెప్పారట. దీనమ్మ రోజూ పొద్దున్నే వచ్చి ఒళ్ళు తుడిచి, చీర మార్చి వెళ్తుంది. నేను మంచం పక్కన కూర్చుని, నోట్సు తెరిచి, ఆ నాలుగు వాక్యాలూ చదివి వినిపించాను. "నేను ఆ రోజు తప్పు చెప్పాను నాయనమ్మా. ఆ మాటకు చదువు అని అర్థం. నాకు తెలిసే తప్పు చెప్పాను."

ఆమె పైకప్పు వైపు చూస్తూ వింది. "నాకు జెప్పి ఏం లాభం?" అంది. "నాకు ఇంగ్లీషు రాదు గదా. నా చెవిలోనా అన్నావు ఆ రోజు? అరుగు మీద అన్నావు."

సాయంత్రం అరుగు మీద నాన్న దగ్గరికి కోటయ్య పెదనాన్న వచ్చాడు. వెంట ఇంకో ఇద్దరు. పాప అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది. దాన్ని భుజాన వేసుకుని, ఊపుతూ గుమ్మం దాకా వెళ్ళాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. ఇంత పిల్లగా ఉన్నప్పుడు నన్ను చంకనెత్తుకున్న మనుషులే, అయినా మూడోసారికి గానీ గడప దాటలేదు.

"పెదనాన్నా, ఒక మాట చెప్పాలి. అప్పుడు నేను లోరు అన్నాను చూడండి, దానికి నేను చెప్పిన అర్థం అబద్ధం. పెద్దవాళ్ళు నేర్పే చదువని దాని అర్థం. నాయనమ్మను తక్కువ చేసి మీ అందరితో నవ్వించాను. తప్పు నాదే."

కోటయ్య పెదనాన్న అయోమయంగా నాన్న వైపు చూశాడు. "ఎప్పటి మాటరా ఇది? లోరంటే చదువా? అయితే మావాడు ఇంటర్ తప్పింది లోరు చాలకేనన్న మాట!" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నాన్న నవ్వలేదు. "లోపలికి పోమ్మా, పిల్ల ఏడుస్తంది" అన్నాడు, నేల చూస్తూ. పది మాటల తర్వాత వాళ్ళ కబుర్లు కోత కూలీల మీదికి మళ్ళాయి. నేను ఊళ్ళోకి వదిలిన మాట నేను పిలిస్తే తిరిగి వచ్చేది కాదని అర్థమైంది. అది ఇప్పుడు వాళ్ళ మాట. నేను పోయాక కూడా ఎవరో ఒక ముసలామె నోరు అది మూయిస్తూనే ఉంటుంది.

లోపలికి వచ్చేసరికి దీనమ్మ ఆ సాయంత్రం కూడా వచ్చి వసారాలో ఉంది, మా అమ్మ కలిపి ఇచ్చిన మజ్జిగ నాయనమ్మకు తాగిస్తోంది. పాప ఏడుపు ఇల్లంతా నిండిపోయింది. నేను భుజం మార్చాను, వీపు తట్టాను, ఏదీ పనిచేయలేదు. నాకూ ఏడుపు వచ్చింది. మంచానికి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. నాయనమ్మ నా వైపు చూడలేదు. గోడ వైపు మొహం పెట్టి, "దీనమ్మా" అంది.

"ఏందమ్మా?"

"ఆ పిల్లతో చెప్పు. బిడ్డను అట్టా నిలువునా ఊపితే ఇంకా ఏడుస్తది. కింద కూర్చోమను. కాళ్ళు చాపుకోమను."

దీనమ్మ నా మొహం చూసింది. "ఇన్నావుగా తల్లీ, కూర్చో" అంది. కూర్చుని కాళ్ళు చాపాను. గభాలున చేయి చాచి సంచిలోంచి పాప పుస్తకం, పెన్ను అందుకున్నాను. అలవాటు.

"రాసుకోవద్దని చెప్పు" అంది నాయనమ్మ గోడతో. "రాసుకుంటే రెండు పక్కలకీ పంచుద్ది. చేతులు చూసి నేర్చుకోమను."

పెన్ను పక్కన పెట్టాను. మంచం మీద పడుకునే, తన మోచేతిని, అరచేతిని గాలిలో తిప్పుతూ ఆమె దీనమ్మకు చెప్తూ పోయింది. దీనమ్మ నా ఒళ్ళో పాపను సర్దుతూ పోయింది. ఏం చెప్పిందో, చేతులు ఎక్కడ ఎలా పెట్టించిందో ఇక్కడ రాయను. పాప నిద్రపోయిన ఈ కాస్త సమయంలో ఇన్ని పేజీలు నింపిన నేను ఆ ఒక్కటీ రాయను. కావాలంటే ఎవరైనా వచ్చి నా ఎదురుగా కూర్చుని చూడాలి, నాకు అప్పటికి సరిగా వచ్చి ఉంటే.

ఆ సాయంత్రం మాత్రం రాలేదు. నా అరచేయి తప్పు చోట పడింది, పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. "అట్టా కాదమ్మాయ్" అంది దీనమ్మ నవ్వి, నా చేయి తీసి తన చేయి పెట్టి, మళ్ళీ తీసి నా చేయి పెట్టింది. నాయనమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరగలేదు.

"సరిగ్గా వచ్చేదాకా లేవొద్దని చెప్పు" అంది.